మేఘం, గబ్బిలం, బావి నీరు
సాహిత్యంలో ప్రకృతి, సమాజం, అస్తిత్వం: ఒక విమర్శనాత్మక పరిశీలన

తెలుగులో "ప్రకృతి" అనే మాటకు ఒకటి కంటే ఎక్కువ అర్థాలున్నవి. కొండలు, నదులు, మేఘాలు, వృక్షాలు ప్రకృతి. మనిషి స్వభావం కూడా ప్రకృతియే. వ్యాకరణంలోనైతే సంస్కృత మూలరూపం ప్రకృతి, దాని నుండి మారి వచ్చిన తెలుగు రూపం వికృతి. ఉర్దూలోని "ఫిత్రత్" అనే మాట తీరు కూడా ఇంచుమించు ఇదే. అది బయటి సృష్టిని సూచిస్తుంది, మనిషి పుట్టుకతో తెచ్చుకున్న గుణాన్నీ సూచిస్తుంది. రెండు భాషలలోనూ ఒకే పదం జగత్తుకూ స్వభావానికీ వర్తించడం గమనింపదగినది. ఏది మన చేతిలో లేదని, ఏది మారదని మనం నమ్ముతామో, దానిని ప్రకృతి అంటాము.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అనే సామెతను ఎరుగని తెలుగువారు ఉండరు. ఒక వ్యక్తి మొండితనాన్ని గురించి అన్నప్పుడు ఇది నవ్వు పుట్టించే మాట. ఒక కులాన్ని గురించి, ఒక మతాన్ని గురించి, స్త్రీ జాతిని గురించి అన్నప్పుడు మాత్రం ఇదే మాట తీర్పుగా మారుతుంది. సమాజం మోపినదానిని ప్రకృతి ఇచ్చినదిగా నమ్మిస్తుంది. ప్రకృతి ఇచ్చినది ఏది, సమాజం మోపినది ఏది అని విడదీసి చూడడమే సాహిత్య విమర్శకు ముఖ్యమైన పని అని మా అభిప్రాయం. ఆ పనికి విమర్శనాత్మక సిద్ధాంతం ఎట్లా తోడ్పడుతుందో, మన విద్యార్థులకు దగ్గరివైన తెలుగు, ఉర్దూ రచనల ఆధారంగా ఈ వ్యాసంలో వివరించ ప్రయత్నిస్తాము.

సిద్ధాంతం పుట్టిన నేల

1923లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో సామాజిక పరిశోధనా సంస్థ ఒకటి ఏర్పడింది. హార్క్‌హైమర్, అడోర్నో, మార్కూజా, ఫ్రామ్ మొదలగువారు దానితో సంబంధం గల ఆలోచనాపరులు. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే వారు దేశం విడిచిపోవలసి వచ్చింది. వారిలో అధికులు యూదు కుటుంబాలలో పుట్టినవారు. 1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాలు మనిషి ఏమి నమ్ముతున్నాడు, ఏమి చేస్తున్నాడు అని చూడలేదు. అతని తాతలు, అమ్మమ్మలు ఎవరని మాత్రమే అడిగినవి. అనగా పుట్టుకనే నేరంగా నిర్ణయించిన రాజ్యం నుండి తప్పించుకున్నవారు రూపొందించిన సిద్ధాంతం ఇది. దీనికి అస్తిత్వ ప్రశ్నతో గల సంబంధం గ్రంథాలయంలో ఏర్పడినది కాదు, ప్రవాసంలో ఏర్పడినది.

1937లో హార్క్‌హైమర్ "సంప్రదాయ సిద్ధాంతం, విమర్శనాత్మక సిద్ధాంతం" అనే వ్యాసం ప్రకటించారు. సంప్రదాయ సిద్ధాంతం ఉన్నదానిని ఉన్నట్లుగా స్వీకరించి వర్ణిస్తుంది. విమర్శనాత్మక సిద్ధాంతం, ఉన్నది ఎట్లా ఉనికిలోకి వచ్చిందని అడుగుతుంది. మనం చూచే వస్తువుకు చరిత్ర ఉన్నది. దానిని చూచే మన కంటికి కూడా చరిత్ర ఉన్నదని ఆయన వాదం.

దీనిని సులభంగా గ్రహించడానికి ఒక ఉదాహరణ చెప్పుకోవచ్చు. యూరపులో కంటికింపుగా కనిపించే చెర్రీ చెట్టు సైతం కొన్ని శతాబ్దాల క్రితం వర్తకం వలన వచ్చి నాటుకున్నదేనని కార్ల్ మార్క్స్ ఒకచోట అన్నారు. మన మిరపకాయ మాట తీసుకుందాము. గుంటూరు మిరప అంటే మన నేలకే పుట్టిన పంట అనుకుంటాము. ఊరగాయ నుండి బిర్యానీ వరకు అది లేని వంట లేదు. కాని మిరప అమెరికా ఖండపు మొక్క. 1498 తరువాత పోర్చుగీసు వర్తకుల ఓడల మీద మన దేశానికి వచ్చింది. అంతకు పూర్వపు కవులెవరూ దాని ఘాటు ఎరుగరు. మనకు పరమ సహజంగా తోచే రుచి వెనుక సముద్ర వ్యాపార చరిత్ర ఉన్నది. అదే విధంగా సహజంగా తోచే ఆచారం వెనుక, అసహ్యం వెనుక, గౌరవం వెనుక కూడా చరిత్ర ఉంటుంది.

హార్క్‌హైమర్, అడోర్నో కలిసి అమెరికా ప్రవాసంలో వ్రాసిన గ్రంథం 1947లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రచురితమైనది. ప్రకృతి మీద మనిషి సంపాదించిన ఆధిపత్యం, మనిషి మీద మనిషి ఆధిపత్యంగా పరిణమించినదని అందులో వారు ప్రతిపాదించారు. కనుక ప్రకృతి, సమాజం, అస్తిత్వం అనేవి పరీక్షలో విడివిడిగా వ్రాయదగిన మూడు ప్రశ్నలు కావు. ఒకదాని జవాబు మరొకదానిలో ఉన్నది.

మేఘానికి వంశం, గబ్బిలానికి ప్రవేశం

కాళిదాసు మేఘదూతం భారతీయ సాహిత్యంలో ప్రకృతి వర్ణనకు పెట్టినది పేరు. కుబేరుని శాపం వలన ఒక యక్షుడు ఏడాది కాలం రామగిరిలో ప్రవాసం గడుపుతాడు. ఆషాఢమాసంలో కనిపించిన మేఘాన్ని, అలకాపురిలోని తన ప్రియురాలికి సందేశం అందించమని వేడుకుంటాడు. వింధ్యం, రేవానది, విదిశ, ఉజ్జయిని, కురుక్షేత్రం, గంగ, హిమాలయం మీదుగా మేఘం సాగవలసిన మార్గమంతా కవి కన్నులకు కట్టినట్లు చూపినాడు.

విమర్శనాత్మక దృష్టితో చదివినప్పుడు ఇందులో మూడు విషయాలు ముందుకు వస్తవి. మొదటిది: యక్షుడు మేఘాన్ని సంబోధించేటప్పుడు ముందుగా దాని వంశాన్ని కీర్తిస్తాడు. పుష్కరావర్తకాలనే ప్రసిద్ధ కులంలో పుట్టినదని పొగుడుతాడు. పొగ, వెలుగు, నీరు, గాలి కలిసిన మేఘానికి కూడా ఉత్తమ జన్మ ఉండవలసి వచ్చింది. రెండవది: ఉజ్జయినిలో మహాకాలుని ఆలయానికి వెళ్లి, సంధ్యాపూజ వేళ తన ఉరుమును వాద్యఘోషగా సమర్పించమని మేఘానికి చెబుతాడు. కులం గల దూతకు గుడిలో గౌరవస్థానం ఉన్నది. మూడవది: యక్షుని ప్రవాసానికి గడువు ఉన్నది. ఏడాది నిండగానే శాపం తీరుతుంది.

1941లో గుర్రం జాషువా గబ్బిలం కావ్యం వెలువరించారు. జాషువా 1895లో వినుకొండలో జన్మించి 1971లో మరణించారు. ఈ కావ్యంలో సందేశం పంపేవాడు యక్షుడు కాడు, అంటరానివానిగా వెలివేయబడిన మనిషి. సందేశం వెళ్లేది ప్రియురాలికి కాదు, కాశీ విశ్వనాథునికి. దూత మేఘం కాదు, గబ్బిలం.

గబ్బిలాన్ని ఎందుకు ఎంచుకున్నారు? లోకం దృష్టిలో అది అశుభం. చీకటిలో తిరిగేది, తలక్రిందులుగా వ్రేలాడేది, ఇంట దూరితే కీడని నమ్మబడేది. దానిని పొగడటానికి ప్రసిద్ధ వంశం లేదు. కాని దానికి ఒక సౌకర్యం ఉన్నది. అది గుడిలో కాపురం ఉండగలదు. మనిషికి మూసిన తలుపు గబ్బిలానికి మూసి లేదు. అర్చకుడు లేని తరుణం చూచి దేవునికి తన బ్రతుకు గాథ విన్నవించమని ఆ అభాగ్యుడు దానిని ప్రాధేయపడతాడు. యక్షుని శాపానికి ఏడాది గడువు. ఇతని వెలికి గడువే లేదు, ఇచ్చిన శాపానికి కారణమైన తప్పిదమూ లేదు.

ఇక్కడ ప్రకృతి చేస్తున్న పని ఏమిటో గుర్తించాలి. మేఘదూతంలో ప్రకృతి యక్షుని విరహానికి అలంకారమై, సమాజపు మర్యాదలన్నిటినీ ఆకాశంలో కూడా పాటిస్తుంది. గబ్బిలంలో ప్రకృతి సాక్ష్యం చెబుతుంది. అంటు అనేది నిజంగా ప్రకృతి నియమమే అయితే, అశుభమని పేరుబడిన గబ్బిలాన్ని అది ముందుగా ఆపవలసినది. ఆపలేదు. మనిషిని మాత్రమే ఆపింది. కనుక ఆ గడప ప్రకృతి కట్టినది కాదు, మనుషులు కట్టినది. మనుషులు కట్టిన దానిని మనుషులు తీసివేయగలరు. ఒక్క వాదవాక్యం వ్రాయకుండా, దూతను మార్చడం ద్వారానే జాషువా ఈ సత్యాన్ని నిరూపించారు.

ఆ కాలం కూడా గుర్తుంచుకోదగినది. ఆలయ ప్రవేశం కోసం దేశంలో ఆందోళనలు సాగుతున్న రోజులవి. 1936లో తిరువాన్కూరు సంస్థానం తన ఆలయాలను అందరికీ తెరిచింది. అంటరానితనాన్ని నిషేధించిన రాజ్యాంగం 1950లో అమలులోకి వచ్చింది. ఆ రెంటి నడుమ వెలువడిన కావ్యం గబ్బిలం.

నీటి మీద గీసిన గీత

గబ్బిలంలో కవికల్పనగా కనిపించిన న్యాయం, చరిత్రలో నీటి విషయమై ప్రత్యక్షంగా ఎదురైనది. మహారాష్ట్రలోని మహాడ్ పట్టణంలో చౌదార్ చెరువు ఉన్నది. ప్రభుత్వ నీటివనరులు అందరూ వాడుకోవచ్చునని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించినా అది అమలు కాలేదు. 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ వేలాదిమందితో ఊరేగింపుగా వెళ్లి ఆ చెరువు నీరు త్రాగినారు. పశువులకు అడ్డు లేని చెరువు అది. తరువాత అగ్రవర్ణాలవారు చెరువు మైలపడినదని శుద్ధి జరిపించారు. ఆ వివాదం న్యాయస్థానాలలో నలిగి, 1937లో బొంబాయి హైకోర్టు తీర్పుతో అంబేద్కర్ పక్షాన ముగిసింది. నీటిలో కులం కరగదు, నీటికి కులం అంటదు. అయినా నీటి మీద గీత గీయబడినది, దానిని చెరపడానికి పదేళ్లు పట్టినది.

మహాడ్ తరువాత అయిదేళ్లకు, 1932లో, మున్షీ ప్రేమ్‌చంద్ "ఠాకూర్ బావి" కథ వెలువడినది. ప్రేమ్‌చంద్ మన విద్యార్థులకు ప్రత్యేకంగా ఆత్మీయుడు. ఉర్దూలో నవాబ్‌రాయ్ పేరిట రచన ఆరంభించి, తరువాత హిందీలోనూ వ్రాసి, రెండు భాషలవారికీ తనవాడనిపించుకున్నారు. 1936లో లక్నోలో జరిగిన అభ్యుదయ రచయితల మొదటి మహాసభకు ఆయనే అధ్యక్షులు.

కథ చిన్నది. జోఖూ జబ్బుతో పడి ఉన్నాడు. తమ బావిలో ఏదో జంతువు పడి చచ్చినందున నీరు కంపు కొడుతున్నది. భార్య గంగీ మంచినీటి కోసం రాత్రివేళ ఠాకూరు బావికి వెళుతుంది. చెట్టు నీడలో పొంచి, అందరూ వెళ్లిన తరువాత కుండ దించుతుంది. కుండ చేతికి అందబోయే క్షణాన ఠాకూరు ఇంటి తలుపు తెరచుకుంటుంది. తాడు జారిపోతుంది. గంగీ పరుగెత్తి ఇల్లు చేరేసరికి జోఖూ ఆ కంపు నీరే నోటికి ఎత్తి త్రాగుతున్నాడు.

ఈ కథలో ప్రకృతి వర్ణన లేదని కొందరు అనవచ్చు. మా దృష్టిలో కథంతా ప్రకృతియే. నీరు, చీకటి, చెట్టు నీడ, చచ్చిన జంతువు, జబ్బుపడిన దేహం, ఇవి కాక ఇంకేమున్నది? కాని వీటి విలువలు తారుమారైనవి. మన కావ్యాలలో వెన్నెల శుభం, చీకటి భయం. గంగీకి చీకటి చుట్టం, బావి మీద పడే దీపపు వెలుగు శత్రువు. ఇతరులకు చెట్టు నీడ విశ్రాంతి, ఆమెకు దాగుచోటు. హార్క్‌హైమర్ చెప్పిన చూచే కంటి చరిత్ర ఇదే. ఎవరు ఎక్కడ నిలబడి చూస్తున్నారో తెలియకుండా ఒక దృశ్యం అందమైనదా, భయంకరమైనదా చెప్పలేము.

ప్రేమ్‌చంద్ ఇంకొక సూక్ష్మ విషయం కూడా చేర్చినారు. చెడునీటివలన జబ్బు ముదురుతుందని గంగీకి తెలుసు. నీటిని కాచితే దాని దోషం పోతుందని మాత్రం ఆమెకు తెలియదు. అనగా ఆమెకు దూరం చేయబడినది నీరు మాత్రమే కాదు, విద్య కూడా. మరొక చోట, బావికి నీటికై వచ్చిన అగ్రవర్ణ స్త్రీలు తమ మగవారు తమను బానిసలవలె చూస్తున్నారని వాపోతారు. గంగీ నీడలో నిలబడి వింటుంది. వారికి బావి ఉన్నది, స్వేచ్ఛ లేదు. ఆమెకు బావియే లేదు. ఒకే రచనలో కులం, స్త్రీత్వం, పేదరికం ఒకదానిపై ఒకటి పేరుకుని ఉండడం ఇక్కడ చూడవచ్చు. అస్తిత్వం ఎప్పుడూ ఒకే పొరగా ఉండదు.

తోటలో ఎవరి పాట?

ఇంతవరకు కావ్యంలో, కథలో ప్రకృతిని చూచినాము. ఇక విమర్శకులు ప్రకృతినే కొలబద్దగా చేసుకున్న సందర్భం ఒకటి చూడవలసి ఉన్నది. ఇందుకు ఉర్దూ సాహిత్య చరిత్ర మంచి ఉదాహరణ.

నేడు పాకిస్తాన్‌లో ఉన్న లాహోర్‌లో, 1874లో, అంజుమన్-ఎ-పంజాబ్ పక్షాన కొత్త తరహా ముషాయిరాలు జరిగినవి. అంతకు ముందు ముషాయిరాలలో ఒక మిస్రా ఇచ్చి, దాని ఛందస్సులో గజల్ చెప్పమనేవారు. ఇక్కడ మిస్రాకు బదులు వర్షర్తువు వంటి అంశం ఇచ్చినారు. విద్యాశాఖ డైరెక్టరు కర్నల్ హాల్‌రాయిడ్ ప్రోత్సాహంతో మౌలానా ముహమ్మద్ హుసేన్ ఆజాద్, మౌలానా అల్తాఫ్ హుసేన్ హాలీ వీటికి సారథ్యం వహించినారు. హాలీ "బర్ఖా రుత్" ఈ సభల ఫలమే. 1893లో ఆయన "ముఖద్దమా-ఎ-షేర్-ఓ-షాయిరీ" వెలువరించి, "నేచురల్ షాయిరీ" కావాలని, గజల్ కృత్రిమమైపోయినదని వాదించారు.

హాలీ కృషి గొప్పది. కాని విమర్శనాత్మక సిద్ధాంతం మరొక ప్రశ్న వేస్తుంది: ఏది సహజమో నిర్ణయించినదెవరు? 1857 తరువాత ఢిల్లీ నాశనమైనది. ఆజాద్ తండ్రి మౌల్వీ ముహమ్మద్ బాఖిర్, ఢిల్లీ పత్రికా సంపాదకుడు, ఆంగ్లేయుల చేతిలో మరణదండనకు గురైనారు. అదే ప్రభుత్వపు విద్యాశాఖ నీడలో కుమారుడు ప్రకృతి కవిత్వాన్ని గురించి ఉపన్యసించవలసి వచ్చినది. ఓడిన జాతి కవిత్వం కృత్రిమమని, గెలిచిన జాతి అభిరుచి సహజమని తోచడంలో ప్రకృతి పాత్ర ఎంత, పరాజయం పాత్ర ఎంత? హాలీ నిజాయితీని శంకించకుండానే ఈ ప్రశ్న అడగవచ్చు, అడగవలెను.

కృత్రిమమన్న గజల్ తోట సంగతేమిటి? గుల్, బుల్‌బుల్, తోటమాలి, వేటగాడైన సయ్యాద్, పంజరమైన ఖఫస్, ఇవి వృక్షశాస్త్ర పాఠాలు కావు. అధికారాన్ని, బంధనాన్ని, ఆశను గురించి బహిరంగ సభలో మాట్లాడుకోవడానికి శతాబ్దాలుగా ఏర్పడిన సంకేత భాష. 1951లో చెరసాలపాలైన ఫైజ్ అహ్మద్ ఫైజ్, "దస్త్-ఎ-సబా" (1952), "జిందాన్ నామా" (1956) సంపుటాలలో ఆ పాత సంకేతాలకే కొత్త ప్రాణం పోసినారు. నిజమైన ఖైదీ నోట ఖఫస్ అలంకారం కాకుండా పోయినది. మన హైదరాబాదు కవి మఖ్దూం మొహియుద్దీన్ 1944లో తన సంపుటికి "సుర్ఖ్ సవేరా" అని పేరు పెట్టినప్పుడు, ఎర్రని ఉదయం సూర్యోదయ వర్ణన మాత్రమే కాదని శ్రోతలందరికీ తెలుసు. సహజ కవిత్వం సమాజాన్ని దాచగలదు. కృత్రిమమన్న సంకేతం సమాజాన్ని వెల్లడించగలదు.

పుట్టుమచ్చ ఎవరు పెట్టినది?

బయటి ప్రకృతి నుండి మనిషి దేహం వద్దకు వచ్చినప్పుడు ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ "పుట్టుమచ్చ" దీర్ఘకవిత వెలువడినది. ఈ దేశంలో పుట్టి పెరిగిన ముస్లిం, చరిత్ర పేరిట తనపై మోపబడిన అనుమానాన్ని నిలదీసే కవిత అది. శీర్షికలోనే మన చర్చ అంతా ఉన్నది. పుట్టుమచ్చ దేహానికి ప్రకృతి ఇచ్చిన గుర్తు, చెరిపితే చెరగనిది. కాని అనుమానం పుట్టుకతో వచ్చేది కాదు. మనిషి పుట్టకముందే లోకం దానిని సిద్ధం చేసి ఉంచి, పుట్టగానే నుదుట అంటించి, దాని పేరు పుట్టుమచ్చ అంటుంది. న్యూరెంబర్గ్ చట్టం చేసిన పని వేరొక దేశంలో, వేరొక కాలంలో, వేరొక తీవ్రతతో జరిగినది. రెండింటికీ సమానత్వం చెప్పడం మా ఉద్దేశం కాదు. పుట్టుకను సాక్ష్యంగా నిలబెట్టే పద్ధతి ఒకటేనని చెప్పడమే మా ఉద్దేశం.

1995లో దళిత కవుల సంకలనం "చిక్కనవుతున్న పాట", 1998లో ముస్లింవాద కవితా సంకలనం "జల్‌జలా" వెలువడినవి. జల్‌జలా అంటే భూకంపం. తెలుగు కవితల పుస్తకానికి ఉర్దూ పేరు. సామాజిక కదలికకు ప్రకృతి విపత్తు పేరు. ఇన్నాళ్లూ ప్రకృతి పేరిట తమను కట్టివేసినవారికి, కట్టుబడినవారు ప్రకృతి భాషలోనే సమాధానం చెప్పినారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 1966లో వెలువడిన గ్రంథంలో అడోర్నో, ఏ భావనా తన వస్తువును పూర్తిగా ఇముడ్చుకోలేదని హెచ్చరించారు. ఏ పేరు పెట్టినా, పేరుకు అందని శేషం వ్యక్తిలో మిగిలి ఉంటుంది. ఇది అస్తిత్వ విమర్శకు ముఖ్యమైన పాఠం. జాషువాను దళిత కవి అనడం న్యాయం; దళిత కవి మాత్రమే అని ఒక గదిలో కూర్చోబెట్టడం, గుడి బయట నిలబెట్టడానికి మర్యాదపూర్వకమైన రూపం. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా (1885–1945) తెలుగు పద్యంలో చేయి తిరిగిన కవి. ఆయనను ముస్లిం అయినా తెలుగులో వ్రాశాడని మెచ్చుకునేవారు, ఆ "అయినా" అనే మాటలో ఏమి దాగి ఉన్నదో ఆలోచించవలెను. తెలుగు కొందరికి ప్రకృతి, మరికొందరికి వికృతి అనే భావం అందులో ఉన్నది.

రూపం కూడా వాదమే

సిద్ధాంతాన్ని చేతబట్టినవారు సాధారణంగా రచనలోని విషయాన్ని మాత్రమే చూచి తీర్పు చెబుతారు. ఇది సరికాదు. గీతి కవిత్వాన్ని గురించి 1957లో ప్రకటించిన వ్యాసంలో అడోర్నో, సమాజం కవితలోకి బయటినుండి తెచ్చి అతికించవలసినది కాదని, కవిత రూపంలోనే దానిని వెతకాలని చెప్పినారు.

ఈ మాటతో జాషువా పద్యాన్ని చూడవలెను. వెలివేయబడినవాని వేదనకు వృత్తపద్యం ఎందుకు? రాజాస్థానాలలో, పండిత సభలలో పెరిగిన ఛందస్సును ఎందుకు స్వీకరించినారు? అది పాతదానికి లొంగిపోవడమని కొందరు అనవచ్చు. మాకు మాత్రం అది వారసత్వపు హక్కు కోరడంగా తోస్తున్నది. గుడి తలుపు మూసినా, పద్యం తలుపు మూయడం ఎవరివల్లా కాలేదు. మేఘదూతపు చట్రాన్నే తీసుకుని, అందులో గబ్బిలాన్ని కూర్చోబెట్టడం ఆలయ ప్రవేశం వంటిదే.

అదే న్యాయంతో భావకవిత్వాన్ని కూడా తొందరపడి త్రోసిపుచ్చరాదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి "కృష్ణపక్షం" 1925లో వెలువడినది. ఆకులలో, పూలలో, అడవిలో కలిసి కరిగిపోవాలనే కోరిక ఆ కవిత్వపు జీవనాడి. దీనిని పలాయనమని కొట్టివేయడం సులభం. కాని మనిషి అడవిలోకి పారిపోవాలని కోరుకుంటున్నాడంటే, ఊరు అతనికి ఊపిరాడనివ్వడం లేదని అర్థం. ఏకాంతం కూడా సమాజంపై ఒక ఫిర్యాదే. తేడా మాత్రం స్పష్టంగా చెప్పవలెను: ఊరిలో ఇల్లు ఉన్నవాడు ఊరు విడిచి ప్రకృతిలో లీనం కావాలని కోరగలడు. ఊరి బయటనే ఉంచబడినవానికి ప్రకృతిలో కరిగిపోవాలని ఉండదు. మనిషిగా లెక్కకు రావాలని ఉంటుంది. ఈ రెండు కోరికలనూ ఒకే శతాబ్దపు తెలుగు కవిత్వం పలికినది. ఒకదానిని విని రెండవదానిని వినని చదువు సగం చదువు.

విద్యార్థులకు నాలుగు ప్రశ్నలు

ఈ చర్చ నుండి ఆచరణకు పనికివచ్చే నాలుగు ప్రశ్నలను విద్యార్థుల ముందుంచుతున్నాము. ఏ కవితనైనా, కథనైనా చదివేటప్పుడు వీటిని వేసుకోవచ్చు.

1. ఈ రచనలో కనిపించే చెట్టు, నీరు, వెలుగు, చీకటి ఎవరి కంటితో చూడబడినవి? ఆ మనిషి నిలబడిన చోటు ఏది?

2. ఇందులో సహజమని, పుట్టుకతో వచ్చినదని చెప్పబడుతున్నది నిజంగా ప్రకృతి ఇచ్చినదా, సమాజం మోపినదా? పశుపక్ష్యాదులకు లేని అడ్డు మనిషికి ఎక్కడ ఉన్నది?

3. రచయిత ఎన్నుకున్న రూపం, ఛందస్సు, భాష ఎవరివి? వాటిని వాడుకొనడంలో లొంగుబాటు ఉన్నదా, హక్కు కోరడం ఉన్నదా?

4. మనం ఈ రచయితకు పెట్టిన పేరులో ఇమడక మిగిలినది ఏమిటి?

నాల్గవ ప్రశ్న లేకుండా మొదటి మూడింటినే వాడితే సిద్ధాంతం మరొక కులపట్టికగా మారుతుంది. సిద్ధాంతం రచనకు గొడ్డలి కారాదు, దీపం కావలెను. దీపం వెలుగులోనైనా, గంగీ వంటివారు ఎవరైనా నీడలో నిలబడి ఉన్నారేమో చూచే ఓపిక విమర్శకునికి ఉండవలెను.

తెలుగు, ఉర్దూ రెండూ చదువుకునే విద్యార్థికి ఈ పనిలో ఒక అనుకూలత ఉన్నది. ఒక భాషలో పరమ సహజంగా తోచే మాట, రెండవ భాషలోకి వెళ్లగానే తన చరిత్రను బయటపెడుతుంది. ప్రకృతి అన్నచోట ఫిత్రత్ అని, తోట అన్నచోట చమన్ అని అనగలిగినవానికి, ఏ మాటా ఆకాశం నుండి ఊడిపడలేదని సులభంగా తెలుస్తుంది. రెండు భాషల నడుమ నిలబడడం లోపమని కొందరు నమ్మించ చూస్తారు. అది లోపం కాదు, చూపు. ఆ చూపుతో మన పాఠ్యగ్రంథాలను మరల తెరవవలసిందిగా విద్యార్థులను కోరుతున్నాము. మేఘానికి వంశం ఎవరు కట్టినారో, బావికి గీత ఎవరు గీసినారో, మన నుదుట మచ్చ ఎవరు పెట్టినారో అడగడం నేర్చుకున్నవారికి, అవి చెరగనివి కావని కూడా తెలుస్తుంది.